సెలీనియం అంకె పెరిగితే క్యాన్సర్ తగ్గుతుందా?

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఇప్పుడు షుగరు, కొలెస్ట్రాల్ కింద జింక్, రాగి, సెలీనియం అనే సూక్ష్మపోషకాలు కూడా కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి కొంచెం తక్కువగా ఉంటే రిపోర్టులో ఆ వరుస ముదురు అక్షరాల్లో వస్తుంది. సెలీనియం తగ్గితే క్యాన్సర్ వస్తుందని ఎక్కడో చదివిన మనిషి మర్నాడే 200 మైక్రోగ్రాముల మాత్ర కొనుక్కొస్తాడు. సరిగ్గా అదే మోతాదుతో 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద పరీక్ష జరిగింది. ఆ ఫలితం మాత్ర కొనేవాళ్ల దాకా చేరడం లేదు.

ఆశ పుట్టింది అమెరికా తూర్పు ప్రాంతంలో. అక్కడి నేలల్లో సెలీనియం తక్కువ. చర్మ క్యాన్సర్ ఒకసారి వచ్చిపోయిన 1,312 మందితో పరిశోధకుడు లారీ క్లార్క్ బృందం 1983లో పరీక్ష మొదలుపెట్టింది. సగం మందికి సెలీనియం ఉన్న ఈస్ట్ మాత్ర, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. చర్మ క్యాన్సర్ మళ్లీ రాకుండా ఆపాలన్నది ఉద్దేశం. అది నెరవేరలేదు. పైగా 2003 విశ్లేషణలో ఒక రకం చర్మ క్యాన్సర్ పాతిక శాతం పెరిగినట్టు తేలింది. అయితే 1996లో వెలువడిన ఫలితాల్లో ఎవరూ ఊహించనిది కనిపించింది: మొత్తం క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి, ప్రోస్టేట్ క్యాన్సర్లు మూడో వంతుకి దగ్గరగా పడిపోయాయి. ప్రపంచమంతా పట్టుకున్నది ఈ రెండో మాటనే. పరీక్ష అసలు అడగని ప్రశ్నకు వచ్చిన జవాబు అది. అలాంటి జవాబును మళ్లీ పరీక్షించే దాకా నమ్మకూడదు.

మళ్లీ పరీక్షించారు. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లో 35,533 మంది మగవాళ్లతో 2001లో మొదలైన ‘సెలెక్ట్’ ట్రయల్ అదే 200 మైక్రోగ్రాములు ఇచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గే సూచన లేకపోవడంతో 2008 అక్టోబరులో మాత్రలు ఆపించేశారు. 2014లో కాలిగోళ్లలో సెలీనియం కొలిచి చూస్తే ఇంకో నిజం బయటపడింది. మొదటి నుంచే ఒంట్లో సెలీనియం బాగా ఉన్నవాళ్లు మాత్ర కూడా మింగితే, వేగంగా ముదిరే రకం ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు 91 శాతం పెరిగింది.

రెండు పరీక్షలకూ ఇంత తేడా ఎందుకంటే, ముందుగా చూడాల్సింది వాళ్లు ఏ అంకె దగ్గర మొదలయ్యారన్నది. క్లార్క్ పరీక్షలో రక్తంలో సెలీనియం సగటున లీటరుకు 114 మైక్రోగ్రాములు. సెలెక్ట్‌లో 136. క్లార్క్ పరీక్షలో కూడా లాభం దక్కింది సుమారు 121 కన్నా కింద ఉన్నవాళ్లకే. మాత్రలోని సెలీనియం రూపం కూడా వేరు, ఒకచోట ఈస్ట్, ఇంకోచోట శుద్ధమైన సెలీనోమెథియొనిన్. కానీ ఈ తేడా కన్నా మొదటిదే నాకు బలమైన కారణంగా కనిపిస్తుంది, ఎందుకంటే శరీరం పనితీరు దానికి సరిపోతుంది. మన జన్యువుల్లో సెలీనియంతో పనిచేసే ప్రొటీన్లకు 25 నమూనాలున్నాయి. వాటిలో గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ రక్తంలో సెలీనియం 90 లోపు ఉండగానే నిండిపోతుంది. సెలీనియాన్ని అవయవాలకు మోసుకెళ్లే సెలీనోప్రొటీన్ పి సుమారు 120 దగ్గర నిండుతుంది. ఆ పైన వచ్చే సెలీనోమెథియొనిన్‌ను శరీరం మామూలు మెథియొనిన్ (ప్రొటీన్ల తయారీకి వాడే ఒక అమైనో ఆమ్లం) అని పొరబడి ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లలో కలిపేస్తుంది. అందుకే మాత్ర వేసుకుంటే రిపోర్టులో అంకె చక్కగా పెరుగుతుంది, పని మాత్రం పెరగదు. నిండిన కుండలో నీళ్లు పోసినట్టే.

కుండ ఖాళీగా ఉన్నచోట కథ వేరు. చైనాలో లిన్‌షియాన్ ప్రాంతపు రైతులు తినే తిండిలో సూక్ష్మపోషకాలు చాలా తక్కువ. అక్కడ 50 మైక్రోగ్రాముల సెలీనియం, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ కలిపి ఐదేళ్లకు పైగా ఇస్తే క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. అయితే మూడూ కలిపి ఇచ్చారు కాబట్టి సెలీనియం వాటా ఎంతో విడదీయలేం. మోతాదు కూడా మన షాపు మాత్రలో నాలుగో వంతే. డెన్మార్కు నేలల్లోనూ సెలీనియం ఎక్కువేమీ కాదు. అయినా అక్కడ రోజుకు 300 మైక్రోగ్రాములు ఐదేళ్లు వాడినవాళ్లలో, పదేళ్ల తర్వాత చూస్తే మరణాలు పెరిగాయి. క్లార్క్ పరీక్షలో మాత్ర వేసుకున్నవాళ్లకే టైప్-2 మధుమేహం ఎక్కువగా వచ్చినట్టు 2007లో తేలింది. ఇంటింటా షుగరున్న మన ప్రాంతంలో ఈ ఒక్క విషయమైనా ఆలోచింపజేయాలి.

రాగి, జింక్‌ల సంగతి ఇంకా తికమకగా ఉంటుంది. క్యాన్సర్ రోగుల్లో రాగి ఎక్కువగా, జింక్ తక్కువగా ఉండటం చాలాసార్లు కనిపించిన మాటే. అంతమాత్రాన రాగి చెంబు దాచేయనక్కర్లేదు. ఒంట్లో వాపు ఉంటే కాలేయం సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. రక్తంలోని రాగిలో అధికభాగం దానికి అంటుకునే ఉంటుంది. అదే సమయంలో జింక్‌ను కాలేయం తనలోకి లాక్కుంటుంది. గడ్డ పెరుగుతున్నప్పుడే కాదు, న్యుమోనియా వచ్చినా ఇదే జరుగుతుంది. గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో కూడా రాగి పెరుగుతుంది. అంటే ఆ అంకె చాలాసార్లు జబ్బు తెచ్చిన మార్పు, జబ్బుకు కారణం కాదు. ఒంట్లో వాపును చూపే సీఆర్పీ పరీక్ష, ఆల్బుమిన్ అంకెలు కూడా చూడకుండా జింక్ రిపోర్టు చదవడం వల్ల ఉపయోగం లేదు.

అసలు ఆ అంకె సరైనదేనా అన్నది ఇంకో ప్రశ్న. మామూలు ట్యూబుల రబ్బరు మూతల్లో జింక్ ఉంటుంది, అది నమూనాలోకి దిగుతుంది. దీనికోసం ముదురు నీలం మూత ఉన్న ప్రత్యేక ట్యూబులుంటాయి, అందులో తీశారో లేదో అడగండి. ఎర్ర రక్తకణాల్లో జింక్ సీరంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కణాలు చిట్లినా, సీరం వేరు చేయడం ఆలస్యమైనా అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. ఇంటికొచ్చి రక్తం తీసి, కాలనీ అంతా తిరిగి మధ్యాహ్నానికి ల్యాబ్ చేరే నమూనాలతో ఈ ఇబ్బంది ఉంటుంది. భోజనం చేశాక తీస్తే దానికి విరుద్ధంగా జింక్ తగ్గి కనిపిస్తుంది. కాబట్టి పరగడుపున, ఉదయం ఇవ్వాలి, జ్వరం తగ్గి కొన్ని వారాలయ్యాక ఇవ్వాలి. తక్కువని వస్తే మాత్రకు ముందు ఇవన్నీ సరిచూసి మరోసారి పరీక్ష చేయించాలి.

నిజంగా లోపం తేలితే సరిదిద్దాల్సిందే. ఎక్కువ కాలం సెలైన్ ద్వారానే ఆహారం తీసుకున్నవాళ్లు, పేగు జబ్బులున్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. మిగతావాళ్లకు హద్దులు తెలియాలి. జింక్‌కు పెద్దల గరిష్ఠ పరిమితి రోజుకు 40 మిల్లీగ్రాములు. కరోనా రోజుల్లో అలవాటైన 50 మిల్లీగ్రాముల మాత్ర నెలల తరబడి వేసుకుంటే పేగులు రాగిని పీల్చుకోవడం తగ్గిపోతుంది. రక్తహీనత, తెల్లకణాల తగ్గుదల, కాళ్ల తిమ్మిర్లు దాని ఫలితాలు. సెలీనియంకు అమెరికా పెట్టిన పరిమితి రోజుకు 400 మైక్రోగ్రాములు, ఐరోపా 2023లో తన పరిమితిని 255కి దించింది. ఆరేడు బ్రెజిల్ నట్స్‌తోనే 500 దాటిపోవచ్చు. జుట్టు రాలడం, గోళ్లు పెళుసెక్కడం, నోట్లో వెల్లుల్లి వాసన కనిపిస్తే మోతాదు మించినట్టే. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు వేసుకునే ప్రతి మాత్రనూ ఆంకాలజిస్టుకు చూపించాలి.

ఇవన్నీ ఒంటికి కావాల్సినవి. క్యాన్సర్ తెస్తాయని గట్టిగా రుజువైన మూలకాల్లో ఒకటి మాత్రం ఆర్సెనిక్. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం దాని దెబ్బ తింటాయి. చిలీలోని ఆంటోఫగాస్టాలో 1958 నుంచి 1970 వరకు తాగునీటిలో లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాములు ఉండేది, ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి 10. నీళ్లు శుద్ధి చేసిన దశాబ్దాల తర్వాత కూడా ఆ ఊళ్లో క్యాన్సర్లు ఎక్కువగానే వచ్చాయి. ఇంత హాని చేసే ఆర్సెనిక్ రక్తంలో కొన్ని గంటలే ఉంటుంది. రక్తంలో ‘నార్మల్’ వచ్చిందని నిశ్చింతగా ఉండటానికి లేదు, మూత్రంలో చూడాలి. కోస్తాలో చేపలు, రొయ్యలు తినేవాళ్లు పరీక్షకు ముందు మూడు నాలుగు రోజులు వాటిని మానాలి, ఎందుకంటే హాని చేయని సముద్రపు ఆర్సెనిక్ కూడా మొత్తం లెక్కలో కలిసిపోతుంది. అంకె ఎక్కువ వస్తే హాని చేసే ఇనార్గానిక్ ఆర్సెనిక్‌ను విడిగా కొలవమనాలి, ఆ వెంటనే బోరునీళ్లను పరీక్షకు పంపాలి.