పైన రాసేదే కదా అనొద్దు

ఒంటికి రాసుకునే మందును మనవాళ్లు మందుగా లెక్కెయ్యరు. నాకు కోపం వచ్చేది అక్కడే. మాత్ర ఇస్తే తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని రెండుసార్లు అడిగే మనిషి, ట్యూబు చేతికి రాగానే వేలెడు పిండుకుని రుద్దేస్తాడు. ‘పైన రాసేదే కదండీ, లోపలికేం పోతుంది’ అంటాడు. పోతుంది. ఎంత పోతుందనేది ఏం రాశారు, ఎక్కడ రాశారు, పైన ఏం కప్పారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను గుంటూరులో ఫార్మసీ పాఠాలు చెబుతాను. క్లాసులో చెప్పేది బయట ఎవరికీ అందట్లేదన్న బాధతో ఇది రాస్తున్నా.

చర్మంలో అసలు కాపలా అంతా పైనున్న ఒక్క పొరదే. స్ట్రాటమ్ కార్నియం అంటారు. చచ్చిపోయి చదునైపోయిన కణాలు ఓ పదిహేను ఇరవై వరసలు, వాటి సందుల్లో కొవ్వు. అరచేతులు, అరికాళ్లు వదిలేస్తే చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. అణుభారం 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) లోపుండి, కొవ్వులో కరిగే గుణమున్న పదార్థాలకు ఆ సందులే దారి. గజ్జల్లో దురదకి రాసే క్లోబెటాసోల్ ప్రొపియొనేట్ అనే స్టెరాయిడ్ 467. పురుగుమందు క్లోర్‌పైరిఫాస్ 350. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ 305. మన జిల్లాల్లో జనం ఒంటికి రోజూ తగిలేవి ఈ మూడూ, మూడింటికీ లోపలికి దారి ఉంది.

ఎక్కడ రాశామన్నది ఇంకా పెద్ద సంగతి. 1967లో ఫెల్డ్‌మన్, మెయ్‌బాక్ అని ఇద్దరు పరిశోధకులు రేడియోధార్మిక గుర్తు పెట్టిన హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ని మనుషుల ఒంటిమీద ఒక్కోచోట రాసి, మూత్రంలో ఎంత బయటికొచ్చిందో కొలిచారు. ముంజేతి లోపలివైపు ఒకటి అనుకుంటే అరికాలు 0.14, నుదురు 6, దవడ మూల 13. వృషణాల సంచి 42! అదే మందు, అదే మనిషి, చోటు మారేసరికి నలభై రెండు రెట్లు.

ఇప్పుడు మే నెలలో బెజవాడని తలుచుకోండి. ఎండ, దాని మీద కృష్ణ ఒడ్డు ఉక్క. పొద్దున్నించి సీటు మీదే కూర్చునే ఆటో అన్నలకు, బిగుతు ప్యాంటేసుకుని షాపులో నిలబడే కుర్రాళ్లకు గజ్జల్లో తామర రాక ఏమవుతుంది? డాక్టరు దగ్గరికెళ్లి అది విప్పి చూపించడానికి సిగ్గు. మెడికల్ షాపులో గొంతు తగ్గించి ‘దురదకి ఏదైనా ఇవ్వు’ అంటే, చేతికొచ్చేది చాలాసార్లు మూడు మందులు కలిపిన ట్యూబు. ఒకటి ఫంగస్‌కి, ఒకటి బాక్టీరియాకి, మూడోది క్లోబెటాసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్. రెండు రోజుల్లో దురద పోతుంది, మందు భలే పనిచేసిందనుకుంటారు. దురద తగ్గించింది స్టెరాయిడ్. అది చర్మంలో రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది కాబట్టి ఎరుపూ పోతుంది, దురదా పోతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. ట్యూబు ఆపగానే మళ్లీ రేగుతుంది, మళ్లీ కొంటారు. ఈలోగా చర్మం పలచబడుతుంది, తొడల లోపల చారలు పడతాయి, అవి ఇక పోవు. తామర అంచు కూడా చెరిగిపోయి, చివరికి చర్మం డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమయ్యే రూపానికి వస్తుంది.

అదంతా పైన కనిపించేది. క్లోబెటాసోల్ రోజుకి రెండు గ్రాములు రాసినా కొందరిలో మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల పని మందగించిందని తేలింది. అంటే లోపల శరీరం తనకు కావాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేయడం తగ్గించేస్తుంది. పైన గాలాడకుండా బిగుతుబట్టో ప్లాస్టిక్కో ఉంటే లోపలికి పోయేది పది రెట్ల దాకా పెరగొచ్చు. పసిపిల్లకి డైపర్ కింద ఇదే ట్యూబు రాసే తల్లులున్నారు. ఆ తల్లిని నేను తప్పుపట్టను, ఆమెకి ఒక్కరూ చెప్పలేదు.

2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. మన ఊళ్లలో చీటీ అడిగే షాపు ఎన్ని చోట్ల ఉందో మీకే తెలుసు. నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఈ పోస్టు చదివి రేపే ఆపేయొద్దు, చర్మ డాక్టరుకి చూపించుకుని ఆపండి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. చర్మం వచ్చినదాన్ని ఊరికే లోపలికి పంపించదు, దాన్ని మారుస్తుంది కూడా. లివర్‌లో ఉండే తరహా ఎంజైములు, ఎస్టరేజులు, సైటోక్రోమ్ పి450లు, చర్మంలోనూ ఉన్నాయి, కాకపోతే చాలా తక్కువ మోతాదులో. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ చర్మంలోనే బెంజోయిక్ ఆమ్లంగా మారిపోతుంది, ఇబ్బంది లేదు. కానీ ఆ మార్పు అన్నిసార్లూ మన మేలుకే జరగదు. పొగమసిలో, తారులో ఉండే బెంజోపైరీన్‌ని క్యాన్సర్ తెచ్చే రూపంలోకి మార్చేది ఈ ఎంజైములే. లండన్‌లో పొగగొట్టాలు తుడిచే పనివాళ్లకి వృషణాల సంచి మీద క్యాన్సర్ వస్తోందని పర్సివల్ పాట్ అనే సర్జన్ రాసింది 1775లో. మళ్లీ అదే చోటు చూడండి.

పైగా మింగిన మందు పేగుల్లోంచి ముందు లివర్‌కి పోయి అక్కడ కొంత విరిగిపోతుంది. చర్మం నుంచి పోయేది ఆ గుమ్మం తొక్కకుండా నేరుగా ఒంటినిండా తిరిగే రక్తంలో కలుస్తుంది. గుండెనొప్పికి నైట్రోగ్లిజరిన్ పట్టీ ఛాతీ మీద అంటించేది అందుకే. పురుగుమందుకి కూడా అదే దారి.

ప్రత్తిపాడు వైపో మేడికొండూరు వైపో మిరప చేలల్లో మందు కొట్టేవాళ్లను దగ్గర నుంచి చూడండి. వీపు మీది ట్యాంకు మూత దగ్గర కారుతూనే ఉంటుంది. ఆ కారింది నడుం మీదుగా జారి లాగు తడుపుతుంది. కాళ్లకి చెప్పులుండవు, మందు కలిపేది ఉత్తచేత్తో. తడిసిన ఆ లాగుతోనే మిట్టమధ్యాహ్నం దాకా సాళ్లెంబడి తిరుగుతారు. చెమట, వేడి, తడి బట్ట, దాని కింద ఆ చోటు. మెయ్‌బాక్ బృందమే 1971లో పారాథియాన్ అనే పురుగుమందుతో కొలిస్తే, ముంజేతి నుంచి లోపలికి పోయింది పదోవంతు కూడా లేదు, వృషణాల సంచి నుంచి దాదాపు మొత్తం పోయింది. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాం, మాకేం కాదనుకుంటారు మనవాళ్లు. తువ్వాలు లాగుని కాపాడదు కదా! 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. మిరపని పట్టే నల్ల తామరపురుగు వచ్చినప్పటి నుంచి మన చేలల్లో మందు కొట్టే సార్లు తగ్గాయా, పెరిగాయా అన్నది రైతులకే బాగా తెలుసు.

మిర్చి యార్డులో, కల్లాల్లో కాయ ఏరే ఆడవాళ్ల చేతుల సంగతీ ఒక మాట చెప్పాలి. కాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. చర్మం దాన్ని చాలా నిదానంగా మారుస్తుంది కాబట్టి రాత్రి దాకా మంట. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడిగితే కొంత నయం. చేతికి గ్లవ్స్ ఇవ్వడానికి ఒక టిక్కీ (మిర్చి బస్తా) ధరలో ఎన్నో వంతు పడుతుంది?

నేను అడిగేది పెద్దదేం కాదు. షాపువాళ్లు స్టెరాయిడ్ ట్యూబుని చీటీ లేకుండా అమ్మొద్దు. పురుగుమందు అమ్మేవాళ్లు డబ్బాతో పాటు గ్లవ్స్, నడుం నుంచి కిందిదాకా కప్పే ప్లాస్టిక్ ఆప్రాన్ పెట్టి అమ్మాలి. చేను ఎవరిదో ఆ డబ్బు ఆయనే పెట్టాలి, కూలి మీద వెయ్యొద్దు.

ఇక చేలో ఎవరికైనా విపరీతంగా చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరి, వాంతులై, కళ్లు మసకబారితే ఎండదెబ్బ అనుకుని మజ్జిగిచ్చి చెట్టు కింద పడుకోబెట్టొద్దు. తడిసిన బట్టలు మొత్తం అక్కడే ఊడదీయండి. మీ చేతులకి కవరైనా తొడుక్కుని, సబ్బు పెట్టి నీళ్లతో బాగా కడిగి, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు మందు డబ్బా కూడా పట్టుకెళ్లండి. దాని మీద రంగు త్రికోణం, లోపలున్న మందు పేరు ఉంటాయి. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించాలా వద్దా అని తేల్చుకునే డాక్టరుకి ఆ పేరు అవసరం.