పన్ను కట్టేది మీరొక్కరేనా?

2025 ఫిబ్రవరి 1న, ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్ను ఉండదన్న కేంద్ర బడ్జెట్ ప్రసంగం ముగిసిందో లేదో, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి మెసేజ్ పెట్టారు. "ఇన్నాళ్లకి మనలాంటి పన్ను కట్టేవాళ్ల గోడు విన్నారు. ఇక తేరగా తినేవాళ్ల సంగతి కూడా తేల్చాలి" అని. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. తేరగా తినేది ఎవరండీ అని ఒకరు అడిగితే, మా మెట్లు కడిగే ఆవిడని చూపించారు. రేషన్ బియ్యం వస్తాయట, కరెంటుకి జీరో బిల్లట, బస్సు ఫ్రీ అట, పైసా పన్ను కట్టదట. అది చదివినప్పటి నుంచీ నాకు ఒళ్లు మండిపోతోంది.

ఎవరండీ కట్టనిది?

2025 సెప్టెంబరు దాకా ఆవిడ కొన్న ఒంటి సబ్బు మీద 18 శాతం జీఎస్టీ. టూత్‌పేస్టు మీద 18. తలనూనె మీద 18. పిల్లలకి కొన్న బిస్కెట్ ప్యాకెట్ మీదా 18. రూ.299 పెట్టి ఫోన్ రీఛార్జి చేయిస్తే అందులో 45 రూపాయల పైనే పన్ను. అప్పట్లో చిన్నవాడి నోటుబుక్కు మీద 12 శాతం, వాడికి జ్వరమొస్తే వేసే బిళ్ల మీద 12 శాతం. ప్యాకెట్ పెరుగుని కూడా వదల్లేదు, 2022 జులై 18 నుంచి దాని మీద 5 శాతం. కొట్టువాడు నీ జీతమెంతమ్మా అని అడిగి పన్ను తగ్గించడు కదా! కోటీశ్వరుడు ఎంత శాతం కడతాడో ఆవిడా అంతే కడుతుంది. మనకైతే స్టాండర్డ్ డిడక్షన్లు, రిబేట్లు, రీఫండ్లు. ఆవిడకి ఏముంది?

పెద్దకొడుకు బండి మీద డెలివరీలు చేస్తాడు. 2025 ఫిబ్రవరిలో లీటరు పెట్రోలు మీద కేంద్రం తీసుకున్న సుంకం 19 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం 1 రూపాయి 40 పైసలే. మిగతాదంతా సెస్సు అనీ, ప్రత్యేక సుంకమనీ పేర్లు పెట్టి ఢిల్లీలోనే ఉంచుకుంటారు. మన రాష్ట్రాలేమైనా తక్కువ తిన్నాయా? తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రలో 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. ఆ కుర్రాడు రోజంతా తిరిగి సంపాదించిన దాంట్లోంచి ఇంత గుంజుకుని, వాళ్ల కుటుంబం పన్ను కట్టదని ఎలా అనగలుగుతున్నారు? నోరెలా వస్తోంది?

12 లక్షల సంగతి కూడా చెబుతాను. నాదీ జీతం బతుకే, నాకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. సంతోషమే. కానీ 12 లక్షల దాకా శ్లాబే ఎత్తేశారని ఆ రోజు నుంచి అందరూ ఊదరగొడుతున్నారు. పన్ను లేని శ్లాబు 4 లక్షల వరకే. తర్వాతి 4 లక్షలకి 5 శాతం, ఆపై 4 లక్షలకి 10 శాతం లెక్కగట్టి, వచ్చిన 60 వేలని రిబేటుగా మాఫీ చేస్తారు. జీతగాళ్లకి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12 లక్షల 75 వేలు. అదీ కొత్త విధానంలోకి వస్తేనే. షేర్లు అమ్మితే వచ్చిన లాభానికి ఈ రిబేటు వర్తించదు.

మరి పొదుపుకీ ఇంటి అప్పుకీ మినహాయింపులిచ్చే పాత విధానాన్ని నమ్ముకుని ఇల్లు కొనుక్కున్నవాళ్లో? 80సీ సెక్షన్ కింద పొదుపు పరిమితి లక్షన్నర. ఇంటి అప్పు వడ్డీకి 2 లక్షలు. రెండూ 2014లో అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ గారు పెట్టినవి. పదేళ్లు దాటినా కదల్లేదు. 2014లో హైదరాబాద్‌లో ఫ్లాటు ధర ఎంత, ఇప్పుడెంత? ఈఎంఐ కట్టేవాళ్లని అడగండి, ఏడుస్తూ చెబుతారు. పొదుపు చేయండి, ఇల్లు కట్టుకోండి అని మన చిన్నప్పటి నుంచి చెప్పి, తీరా మాట విన్నవాళ్లని నడి రోడ్డు మీద వదిలేశారు.

ప్రసంగం మొదట్లోనే ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గురజాడ మాట చెప్పారు, దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్ అని. పార్లమెంటులో తెలుగు వినపడగానే నా ఛాతీ పొంగింది. ఆ మనుషుల్లో మా అమ్మ కూడా ఉంది మేడమ్. ఆ నెలలోనే అమ్మ ఆరోగ్య బీమా రెన్యువల్. ప్రీమియం 40 వేలు, దాని మీద జీఎస్టీ 7,200. ముసలావిడ జబ్బు పడితే చూసుకోవడానికి ముందుగా దాచుకునే డబ్బు మీద 2025 సెప్టెంబరు దాకా 18 శాతమా? ఇది నేనొక్కడినే అంటున్న మాట కాదు. సాక్షాత్తూ మీ సహచర మంత్రి గడ్కరీ గారే 2024 జులైలో మీకు ఉత్తరం రాశారు, బీమా మీద పన్ను తీసేయండని. ఆ డిసెంబరులో జైసల్మేర్‌లో జీఎస్టీ మండలి కూర్చుంది. పాప్‌కార్న్‌లో ఉప్పుదానికెంత, పంచదార పాకం దానికెంత అని తేల్చింది. బీమా సంగతి మాత్రం వాయిదా వేసింది. నాకు కడుపు రగిలిపోయింది ఆ రోజు.

తేరగా అన్నారు కదా, అసలు తేరగా దేన్నంటారో చెప్పనా? 2019 సెప్టెంబరు 20, శుక్రవారం. కేంద్రం వాళ్లు గోవాలో విలేకరుల సమావేశం పెట్టి కార్పొరేట్ పన్నుని 30 నుంచి 22 శాతానికి తగ్గించేశారు. కొత్తగా ఫ్యాక్టరీ పెట్టే కంపెనీలకైతే 15 శాతమే. పార్లమెంటులో చర్చ దాకా ఆగలేదు, ఆర్డినెన్సుతో కానిచ్చేశారు. ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని వాళ్లే చెప్పారు. ఆ రోజు మన గ్రూపులో ఎవరికీ తేరగా అన్న మాట గుర్తు రాలేదు. ఆ 2025 బడ్జెట్ పత్రాల్లోనే చూసుకోండి, సర్కారుకి వచ్చే ప్రతి రూపాయిలో ఆదాయపు పన్ను 22 పైసలు, కంపెనీల పన్ను 17 పైసలు, జీఎస్టీ 18 పైసలు. ఆ 18 పైసల్లో మెట్లు కడిగే ఆవిడ సబ్బు ఉంది, ఆవిడ పిల్లాడి నోటుబుక్కు ఉంది. లక్షల కోట్లు వదిలేసుకుంటే అది ప్రోత్సాహం, ఆవిడకి బస్సు టికెట్ లేకపోతే అది తేరగా తినడమా?

తెలంగాణ ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క గారూ, ఆంధ్ర ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారూ, జీఎస్టీ మండలిలో మీకూ కుర్చీ ఉంది, మీకూ ఓటుంది. అన్నీ ఢిల్లీ వాళ్ల మీదకి నెట్టేసి తప్పుకోకండి. ఆరోగ్య బీమా మీద, పిల్లల నోటుబుక్కుల మీద 2025 సెప్టెంబరులో తీసేసినట్టే, వచ్చే సమావేశంలో మందుల మీద పన్ను కూడా తీసేయాలని గట్టిగా అడగండి. అడిగారో లేదో బయటికొచ్చి మాకు చెప్పండి.