ముత్యాల తీగకు మూడు ఐస్ ముక్కలా?

"ముత్యాల తీగ పెంచడం చాలా తేలిక. ఎండ అక్కర్లేదు, గదిలో ఏ మూల వేలాడదీసినా బతుకుతుంది. కుండీకి కన్నం లేకపోయినా అడుగున గులకరాళ్లు పోస్తే చాలు. వారానికి మూడు ఐస్ ముక్కలు, రోజూ కాస్త స్ప్రే. రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి పిల్లల గదిలో పెట్టండి." ఫోన్లలో చక్కర్లు కొడుతున్న ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ముత్యాల తీగంటే గుండ్రని పచ్చని పూసలు దండలా కిందికి వేలాడే మొక్క, ఇంగ్లిష్‌లో స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్. రాసినవాళ్లు ఆ తీగను పెంచారో లేదో గానీ, ఇలాంటి మాటలు నమ్మి నేను నా మొదటి తీగను చంపుకున్నాను.

ముందు ఎండ సంగతి. ఈ మొక్క పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని పొడి నేలలు. అక్కడ ఇది పొదల కింద, రాళ్ల పక్కన నేల మీద పాకుతుంది. నీడ చాలన్న మాట బహుశా అందులోంచే పుట్టింది. కానీ ఆరుబయట పొద నీడ వేరు, గదిలో మూల వేరు. ఆ నీడలో కూడా మన గది మూలకంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. ముత్యాల్లా కనిపించేవి నిజానికి ఆకులే. ఒక్కోదాని మీద నెలవంకలా సన్నని, పారదర్శకమైన గీత ఉంటుంది, చూడండి. ఆకు లోపలికి వెలుతురు దిగే కిటికీ అది. వెలుతురు కోసం కిటికీ పెట్టుకున్న మొక్కను తీసుకెళ్లి చీకట్లో వేలాడదీస్తామా?

నేను చేసిన తప్పు ఇంకొంచెం వేరు. కిటికీ దగ్గరే పెట్టాను, కాకపోతే సీలింగుకు ఆనుకునేంత ఎత్తులో. కిందికి జారిన తీగలకు వెలుతురు బాగానే తగిలింది, కుండీ పైభాగానికి మాత్రం అందలేదు. నడినెత్తి బట్టతల అయినట్టు అక్కడ ముత్యాలన్నీ రాలిపోయాయి. ఇప్పుడు కుండీ మట్టి మీద కూడా వెలుతురు పడేలా కిందికి దించి పెడుతున్నాను. ఉదయపు లేత ఎండ తగిలితే మరీ మంచిది. ముత్యానికీ ముత్యానికీ మధ్య దూరం పెరుగుతోందంటే వెలుతురు చాలడం లేదన్నమాట. బట్టతల పడినచోట పొడవాటి తీగనే చుట్టి మట్టికి ఆనించి, హెయిర్‌పిన్‌తో అదిమితే కణుపుల దగ్గర వేళ్లు పుట్టి మళ్లీ గుబురవుతుంది.

గులకరాళ్లు. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, నీళ్లు అలా నడవవు. మట్టిలోని సన్నని సందులు నీటిని పట్టి ఉంచుతాయి. పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా కింది రాళ్లలోకి వదలవు. అంటే రాళ్లు వేయడం వల్ల తడి పొర వేళ్లకు దూరం జరగదు, ఇంకాస్త పైకొస్తుంది. ఇక కన్నమే లేకపోతే దిగిన నీరు ఎక్కడికీ పోదు. కన్నమున్న మట్టి కుండీ, సగానికి సగం పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లని గుళికలు) గానీ ముతక ఇసుక గానీ కలిపిన మట్టి చాలు. లోతు కూడా పెద్దగా అక్కర్లేదు, దీని వేళ్లు పైపైనే ఉంటాయి.

ఐస్ ముక్కల్లో చల్లదనం కంటే పెద్ద చిక్కు ఆ "వారానికి" అన్న మాటే. పైన కాస్త తడుస్తుంది, అడుగు వేళ్లకు నీరందదు, మట్టి పూర్తిగా ఆరే అవకాశమూ ఉండదు. ఈ తీగకు కావాల్సింది సరిగ్గా దీనికి తిరగేసి: ఒకసారి నిండా తడపాలి, తర్వాత బాగా ఆరనివ్వాలి. ఎన్ని రోజులకో క్యాలెండర్ చెప్పదు, ముత్యమే చెబుతుంది. గట్టిగా, గుండ్రంగా ఉంటే ఆగండి. కొద్దిగా ముడత పడితే పోయండి. మెత్తబడి, గాజులా మారి, నొక్కగానే చిదిమిపోతే నీళ్లు ఎక్కువైనట్టు. అప్పుడు గట్టిగా ఉన్న తీగ ముక్కలు కత్తిరించి వేరే కుండీలో నాటుకోవడమే మిగిలిన దారి. స్ప్రే గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, మానేయండి.

ఆక్సిజన్ మాట మాత్రం సగం విని రాసినట్టుంది. ఈ తీగలా ఆకుల్లోనో కాండంలోనో నీరు దాచుకునే మొక్కలను సక్యులెంట్లు అంటారు. వీటిలో చాలా మొక్కలు నీరు ఆవిరైపోకుండా పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దాచుకుంటాయి. అంతవరకు నిజం. కానీ ఆక్సిజన్ తయారు కావాలంటే వెలుతురు ఉండాల్సిందే. చీకట్లో అవీ మనలాగే ఆక్సిజన్ వాడుకుంటాయి, అదీ చాలా కొద్దిగా. కాబట్టి దాంతో మేలూ లేదు, భయమూ లేదు.

భయపడాల్సింది పిల్లల గది సలహాకే. ఈ ముత్యాలు అచ్చం పచ్చి బఠాణీల్లా ఉంటాయి, తింటే విషం. పిల్లలకే కాదు, కుక్కలకూ పిల్లులకూ కూడా. ఆ గదిలో తీగలు చేతికందేలా వేలాడకూడదు.