పాత ట్యాంక్ అయినా సరే, డ్రై రాక్‌ని కడిగి నేరుగా వేసేయకండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్ళ ఫోన్లలో ఈమధ్య ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపించారు. అందులో చెప్పింది ఇదీ: ట్యాంక్ పెట్టి ఏడాది దాటితే డ్రై రాక్ (నీటిని శుభ్రపరిచే బాక్టీరియాకి ఇల్లుగా ట్యాంక్‌లో వేసే రంధ్రాల ఎండు రాయి) ఎంత కావాలంటే అంత తెచ్చుకుని, పంపు కింద కడిగి వేసేయొచ్చు. ఎండిపోయిన రాయిలో ప్రాణం ఉండదు కాబట్టి నీళ్ళు పాడవ్వవు. పాత బాక్టీరియా రెండ్రోజుల్లో కొత్త రాయికి పట్టేస్తుంది. అనుమానంగా ఉంటే రొయ్యల చెరువుకి వాడే ప్రోబయోటిక్ ఒక చెంచా, జియోలైట్ అనే ఖనిజపు పొడి ఒక గుప్పెడు వేస్తే సరి. రాయి కొనలేకపోతే ఉప్పాడ నుంచో అంతర్వేది నుంచో ఏరుకొచ్చుకోండి.

చెప్పినాయన మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. కానీ నాలుగేళ్ళ క్రితం ఇదే మాట ఒక దుకాణంలో విని, 300 లీటర్ల ట్యాంక్‌లో 12 కిలోల రాయి ఒకేసారి దించాను. నాలుగో రోజు పొద్దున్నే చూస్తే క్లౌన్ చేపలు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సాయంత్రానికి ఒకటి పోయింది, మర్నాడు రెండోది. మూడేళ్ళు పెంచుకున్న జత అది. అందుకే ఈ మెసేజ్‌లోని ఒక్కో మాటకూ జవాబు రాయాలనిపించింది.

ముందు, "ప్రాణం లేదు కాబట్టి పాడవదు" అన్న మాట. మన ఇళ్ళల్లో దీనికి రుజువు ఎప్పుడూ ఉంటుంది. గుప్పెడు ఎండు రొయ్యలు గిన్నెడు నీళ్ళలో వేసి రెండు రోజులు వదిలేయండి. అవీ ప్రాణం లేనివే, కరకరలాడేలా ఎండినవే. మూడో రోజు ఆ గిన్నె దగ్గర నిలబడలేరు. డ్రై రాక్‌లో సముద్రం నుంచి తీసి ఎండబెట్టిన రకం ఉంటుంది. దాని రంధ్రాల్లో ఒకప్పుడు స్పాంజ్‌లు, పురుగులు, నాచు బతికాయి. అవి ఎండి లోపలే అతుక్కుని ఉంటాయి. పంపు నీళ్ళు పైపైన మట్టిని తీస్తాయి తప్ప ఆ సందుల్లోకి వెళ్ళవు. నీళ్ళలో నానగానే అదంతా కుళ్ళి చేపలకి విషమైన అమ్మోనియా అవుతుంది. నేల మీద పాత పగడపు గుట్టల నుంచి తవ్వి తీసిన రాయిలో, మనుషులు తయారుచేసిన రాయిలో ఈ బెడద చాలా తక్కువ. మెసేజ్‌లో ఈ తేడా ఊసే లేదు. బయటికి అన్నీ తెల్లగా, శుభ్రంగానే కనిపిస్తాయి మరి.

అమ్మోనియా కంటే మొండిది ఫాస్ఫేట్. ఇది కుళ్ళి పోయే సరుకు కాదు, రాయికే అంటుకుని ఉంటుంది. రాయి అంటే కాల్షియం కార్బొనేట్, దానికి ఫాస్ఫేట్‌ని పట్టుకునే గుణం ఉంది. చుట్టూ నీళ్ళలో ఫాస్ఫేట్ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. మీరు నీళ్ళు మార్చి తగ్గించిన ప్రతిసారీ రాయి మళ్ళీ కొంత విడుదల చేస్తుంది. ఇలా నెలల తరబడి సాగుతుంది. పగడాలు పెంచేవాళ్ళు సాధారణంగా 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళన్న లెక్క) మధ్య ఉంచుకోవాలని చూస్తారు. చేపలు పోయాక నా రాయిని బయటికి తీసి విడిగా నానబెడితే, ఆ తొట్టిలో వారానికే ఆ లెక్క దాటిపోయింది. పైగా కొత్త రాయి పైభాగం ఖాళీ పొలం లాంటిది. ముందు ఎవరొస్తే వాళ్ళదే. మొదట డయాటమ్‌లు అనే గోధుమరంగు సూక్ష్మ నాచు, తర్వాత జుట్టులా వేలాడే పచ్చ నాచు. "లైట్ తగ్గించండి, పోతుంది" అని సలహా ఇస్తుంటారు. లైట్ తగ్గిస్తే కాస్త నెమ్మదిస్తుంది, కానీ దాని మేత అయిన ఫాస్ఫేట్ రాయిలోనే ఉంది కదా.

ఇక "పాత బాక్టీరియా పట్టేస్తుంది" అన్నది. ఇందులో సగం నిజం, ఆ సగమే మనల్ని ముంచుతుంది. బాక్టీరియా కొత్త రాయి మీదకి పాకే మాట వాస్తవమే. కానీ మీ ట్యాంక్‌లో అమ్మోనియాని తినే బాక్టీరియా ఎంత ఉంటుందంటే, రోజూ దానికి దొరికే తిండికి సరిపడా మాత్రమే. రెండు చేపల వ్యర్థానికి అలవాటుపడిన ట్యాంక్ ఐదేళ్ళ పాతదైనా, దాని శక్తి రెండు చేపల పాటిదే. అయిదెకరాల చెరువుకి లెక్క చూసి పెట్టిన ఏరేటర్లు, రొయ్యపిల్లల సీడ్ రెట్టింపు వేస్తే సరిపోతాయా? చెరువు ఎన్నేళ్ళ పాతదని ఎవరూ అడగరు. ఈ బాక్టీరియా పెరగడం కూడా నెమ్మదే. మామూలు బాక్టీరియా అరగంట, గంటలో రెట్టింపైతే, దీనికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. రాయి కుళ్ళడం మాత్రం ఆగి చూడదు.

ఉప్పునీళ్ళలో ప్రమాదం ఎక్కువ కావడానికి ఇంకో కారణం పీహెచ్. మన రొయ్యల రైతులకి ఈ సంగతి బాగా తెలుసు, మధ్యాహ్నం పీహెచ్ పెరిగినప్పుడు అమ్మోనియా గురించి టెన్షన్ పడేది అందుకే. పీహెచ్ 7 నుంచి 8కి వెళితే విషపు రూపంలో ఉండే అమ్మోనియా వాటా దాదాపు 10 రెట్లవుతుంది. సముద్రపు ట్యాంక్ సాధారణంగా 8 చుట్టూ, లేదా ఆ పైన ఉంటుంది. మంచినీటి గోల్డ్ ఫిష్ తట్టుకున్న రీడింగ్‌ని ఇక్కడి చేప కూడా తట్టుకుంటుందని అనుకోకూడదు.

చెరువు ప్రోబయోటిక్ సంగతి కూడా చెప్పాలి. ఆ పొడుల్లో ఎక్కువగా ఉండేది బాసిల్లస్ రకం. అది విత్తనంలాంటి గట్టి రూపంలో ఎండి బతకగలదు కాబట్టే పొడిగా ప్యాకెట్‌లో అమ్మగలుగుతున్నారు. చెరువు అడుగున చేరిన మేత, రెట్టలు కరిగించడం దాని పని, ఆ పని బాగానే చేస్తుంది. అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా వేరే జాతి, దానికి అలా ఎండి బతికే రూపం లేదు. కుళ్ళే సరుకు ఉన్న చోట బాసిల్లస్ వేస్తే కుళ్ళు ఇంకా తొందరగా కరిగి, ఆక్సిజన్ పడిపోయే ప్రమాదమూ ఉంది.

జియోలైట్ గురించి ఒక్క మాట చాలు. మంచినీళ్ళలో అది అమ్మోనియాని పట్టుకుంటుంది. 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకి 35 పాళ్ళు) ఉప్పులో సోడియం ముందే ఆ చోటంతా ఆక్రమించేస్తుంది, అమ్మోనియాకి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

ఉప్పాడ, అంతర్వేది మాట విన్నప్పుడు మాత్రం నిజంగా బాధేసింది. మన తీరంలో పగడపు దిబ్బలు లేవు, ఉండవు కూడా. గోదావరి ఒండ్రు, వరదల మంచినీళ్ళు కలిసే చోట అవి పెరగలేవు. మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ వైపు ఉన్నాయి. ఉప్పాడ ఒడ్డున కనిపించే పెద్ద రాళ్ళు సముద్రపు కోతకి అడ్డుగా తెచ్చి వేసిన కొండరాళ్ళు. వాటికి రంధ్రాలుండవు, బాక్టీరియాకి పెద్దగా చోటివ్వవు. అన్నిటికంటే ముందు, ఊళ్ళని కాపాడే రాయిని అక్కడి నుంచి తీయడమే తప్పు. ఎవరైనా వేరే తీరాల నుంచి పగడపు ముక్కలు తెచ్చిస్తామన్నా ఒప్పుకోవద్దు. గట్టి పగడాలన్నీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేరాయి. చచ్చిన ముక్కైనా చట్టం వదలదు.

అలాగని డ్రై రాక్ వద్దని నేను అనడం లేదు. లైవ్ రాక్‌తో (సముద్ర జీవులతో సహా తడిగానే తెచ్చే రాయితో) వచ్చే ఐప్టేసియా అనే కుట్టే జీవుల, మాంటిస్ రొయ్యల బెడద దీనితో రాదు. మెసేజ్‌లో ఆ మాట కూడా ఉంది, అది సరైన మాటే. తవ్వి తీసిన రకం రెండు కిలోలు, పెద్ద ట్యాంక్‌లో వేస్తే చాలాసార్లు ఏమీ కాదు కూడా. కాకపోతే మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసి చెప్పలేం, విడిగా నానబెట్టిన తొట్టి నీళ్ళే చెబుతాయి.

నేను ఇప్పుడు చేసే పద్ధతి చెప్తాను. మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో ఆర్వో నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి 35 పీపీటీకి తెచ్చి, రాయి వేసి, నీళ్ళని తిప్పే చిన్న పవర్‌హెడ్ మోటారు పెడతాను. వెలుతురు తగలనివ్వను. పాత ట్యాంక్ సంప్ (ఫిల్టర్ ఉండే తొట్టి) లోని స్పాంజ్ ముక్క ఒకటి వేస్తే బాక్టీరియా మొదలవుతుంది. వారానికోసారి అమ్మోనియా, ఫాస్ఫేట్ చూస్తాను. అమ్మోనియా కిట్ ఉప్పునీళ్ళకి పనికొచ్చేదేనా అని డబ్బా మీద చదవండి, కొన్ని పనికిరావు. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చి, నీళ్ళు మార్చాక కూడా ఫాస్ఫేట్ పెరగకుండా నిలబడితే అప్పుడు ట్యాంక్‌లోకి. కొన్ని రాళ్ళకి మూడు వారాలు, నా 12 కిలోలకి మూడు నెలలు పట్టింది. వేసేటప్పుడు కూడా రెండు మూడు కిలోల చొప్పున, వారం ఎడంతో. 10 కిలోల రాయి సుమారు 4 లీటర్ల నీళ్ళని పైకి తోస్తుంది, ముందే అంత నీరు తీసి పెట్టుకోండి. పాత రాయి తీసేసి కొత్తది పెట్టాలనుకుంటే ఒక్కో ముక్కే మార్చండి, మీ బాక్టీరియా ఎక్కువగా ఉన్నది ఆ పాత రాయి మీదే.

మురికి ఎక్కువున్న రాయికి ముందుగా బ్లీచ్ పెట్టొచ్చు. తర్వాత మనం చెరువుల్లో వాడే హైపో (సోడియం థయోసల్ఫేట్) వేసి క్లోరిన్ పూర్తిగా పోగొట్టి, కడిగి ఎండబెట్టాలి. కొందరు యాసిడ్‌లో ముంచుతారు. ఏది చేసినా ఆరుబయట చేయండి. బ్లీచ్ పెట్టిన రాయిని యాసిడ్‌లో మాత్రం ఎప్పుడూ ముంచకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణాలు తీస్తుంది.

ఇప్పటికే ఆ మెసేజ్ విని రాయి వేసేసినవాళ్ళు ఈ రోజే అమ్మోనియా చూడండి. ఉంటే రాయిని బయటికి తీసి డ్రమ్ములోకి మార్చండి, మేత ఆపండి, అదే వేడి, అదే ఉప్పు ఉన్న నీళ్ళతో మూడోవంతు మార్చండి, గాలి ఎక్కువ కొట్టనివ్వండి. ఆ సమయంలో పీహెచ్ పెంచే బఫర్ ఏదీ వేయొద్దు. తర్వాత నైట్రైట్ కనబడితే చేపల గురించి అంత కంగారు అక్కర్లేదు, సముద్రపు నీటిలోని క్లోరైడ్ వాటిని చాలావరకు కాపాడుతుంది. రోజు విడిచి రోజు పరీక్ష చేస్తూ, అమ్మోనియా వరుసగా వారం రోజులు సున్నా చూపించేవరకూ ఆ డ్రమ్ములోని రాయిని మళ్ళీ ట్యాంక్‌లో వేయకండి.