జడ్చర్ల బస్టాండ్ వెనక ఇల్లు కొంటామంటే అంత మొహం మాడ్చుకోవడం ఎందుకు?

ఇల్లు కొనాలనుకుంటున్నామని నోరు జారిన రోజు నుంచి మా చుట్టాలందరూ రియల్ ఎస్టేట్ పండితులైపోయారు. మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్లలో అంటే ఒక అడుగు ముందుకు వస్తున్నారు. బస్టాండ్‌కి నడిచిపోయే దూరంలో, బాదేపల్లి గల్లీల్లో ఒక పాత ఇల్లు అంటే నాలుగడుగులు వెనక్కి పోతున్నారు.

"గా రద్దీలనా?" అన్నాడు మా పెద్దన్న. "అంత బయటోళ్లే ఉన్నరు గాడ. ఒరియా వాళ్లు, బీహారోళ్లు. మనోళ్లెవరున్నరని పోతవమ్మా?" ఆయన సలహా ఏమిటంటే, హైవే మీద బాలానగర్ దగ్గర లోపలికి ఎక్కడో ఒక వెంచర్‌లో రెండొందల గజాలు కొని పడేయాలట. పదేళ్లకు నాలుగింతలవుతుందట. ఆ పదేళ్లూ మేం ఎక్కడ ఉండాలో మాత్రం చెప్పలేదు.

సరే, పెద్దవాడి మాట తీసేయకూడదని ఒక కంపెనీ వాళ్ల సైట్ విజిట్‌కి పోయాం. కారు వాళ్లదే, బిర్యానీ వాళ్లదే. చేతిలో పెట్టిన కాగితం నిండా నిమిషాలు. ఎయిర్‌పోర్టుకు ఇన్ని నిమిషాలు, ట్రిపుల్ ఆర్‌కు, అంటే హైదరాబాద్ చుట్టూ వేస్తామంటున్న రీజనల్ రింగ్ రోడ్డుకు ఇన్ని నిమిషాలు, సర్కారు కడతామంటున్న ఫ్యూచర్ సిటీ అయితే పక్కనే. ట్రిపుల్ ఆర్ దక్షిణ భాగం ఇంకా భూమి మీద లేదు. అయినా అక్కడికి ఎన్ని నిమిషాలో వీళ్లకు తెలుసు. నేను ఒకటే అడిగాను: "ఇక్కడికి బస్సు ఎన్ని గంటలకు వస్తది బాబూ?" ఆ పిల్లవాడు నన్ను జాలిగా చూసి, "మేడమ్, ఇక్కడ కొనే వాళ్లందరికీ కార్లు ఉంటాయి" అన్నాడు.

నా గొడవంతా ఇక్కడే. పక్క నుంచి రోడ్డు పోవడం వేరు, అక్కడ బస్సు ఆగడం వేరు. 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోతుంది, నిజమే. ఆ రోడ్డు పక్కన స్థలం ఉన్నంత మాత్రాన మీరు శ్రీనగర్ పోతారా, కన్యాకుమారి పోతారా? సర్వీస్ రోడ్డు లేని చోట కళ్లెదుటి హైవే ఎక్కాలన్నా కిలోమీటర్లు చుట్టి రావాలి. సాయంత్రం ఏడు దాటితే ఆటో లేని చోటును "అద్భుతమైన కనెక్టివిటీ" అని అమ్ముతున్నారు. మనవాళ్లు కొంటున్నారు కూడా.

మా లెక్క చాలా చిన్నది. మా ఆయనకు పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో షిఫ్టు డ్యూటీ. నాకు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం. అత్తమ్మ వాళ్లది కల్వకుర్తి వైపు ఊరు. ఈ మూడు దారులూ కలిసేది జడ్చర్లలో. రాయచూరు నుంచి మక్తల్, పాలమూరు (మహబూబ్‌నగర్‌కు మా పాత పేరు) మీదుగా వచ్చే 167వ నంబరు రోడ్డు ఇక్కడే హైవేని దాటి కల్వకుర్తి, మిర్యాలగూడ, కోదాడ వైపు పోతుంది. అందుకే నల్గొండ బస్సు కావాలన్నా, కర్నూలు బస్సు కావాలన్నా, హైదరాబాద్ బస్సు కావాలన్నా ఒకటే చౌరస్తా. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. నేను రోజూ జీరో టికెట్ తీసుకుని ఆఫీసుకు పోయి వస్తాను. బస్సు రాని వెంచర్‌లో ఇల్లు కట్టుకుంటే ఆ జీరో టికెట్ నాకు దేనికి? ముందు స్కూటీ కొనాలి, ఆ తర్వాత నెలనెలా పెట్రోలు. ఇంటి ధరలో దీన్ని ఎవరూ కలపరు.

రైలు సంగతి కూడా ఉంది. సికింద్రాబాద్ – మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశారు. ఒంటి లైను ఉన్నప్పుడు ఎదురు బండి కోసం స్టేషన్లలో పడిగాపులు పడిన వాళ్లకు తెలుస్తుంది దాని విలువ. అయితే జడ్చర్లను "హైదరాబాద్ శివారు" అనే వాళ్లకు మాత్రం ఒక దండం. రోడ్డు మీద ఎనభై కిలోమీటర్లకు పైనే ఉంది. శివారు అనకుండా, దాని పేరుతో దాన్ని పిలిస్తే విలువేమీ తగ్గదు.

ఇప్పుడు ఆ "బయటోళ్ల" విషయానికి వస్తాను. నాకు అసలు కడుపు మండేది దాని గురించే.

పాలమూరు లేబర్ అనే మాట వినని వాళ్లు ఈ దేశంలో కాంట్రాక్టర్లలో ఎవరూ ఉండరు. కూలీలను పనికి కుదిర్చే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలేసి, డ్యాములకు, కాలువలకు, బొంబాయి, పుణే బిల్డింగులకు పోయింది ఎవరు? మనవాళ్లే కదా. పాలమూరు నుంచి బొంబాయి బస్సు అంటే అందులో ఎవరుండేవాళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. మా మేనమామ అక్కడ రేకుల షెడ్డులో బతికాడు. పదిమందికి ఒక నల్లా. ఆ ఊరివాళ్లు తమను ఏమని పిలిచేవాళ్లో ఆయన ఇప్పటికీ నవ్వుతూ చెప్తాడు, ఆ నవ్వులో నవ్వేమీ ఉండదు. ఆ తరం మనుషుల పిల్లలమే ఈరోజు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని "గాడ బయటోళ్లున్నరు" అంటున్నాం. సిగ్గనిపించదా?

పోలేపల్లిలో రైతుల భూములు తీసుకుని ఫార్మా కంపెనీలు పెట్టారు. అప్పుడు భూములు పోయినవాళ్లు ఎంత కొట్లాడారో ఈ ప్రాంతంలో అందరికీ గుర్తే. ఆ కంపెనీల్లో పనికి ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి పిల్లలు వచ్చారు. వాళ్లొచ్చాకే కదా గల్లీల్లో పై అంతస్తులు లేచింది, ఒక్క గది కూడా కిరాయికి పోవడం మొదలైంది, మెస్సులు వచ్చింది. కిరాయి తీసుకునేటప్పుడు చేతికి చేదు లేదు. ఆదివారం బాదేపల్లిలో తిరిగి చూడండి. లంబాడీ అక్కలు తండాల నుంచి కూరగాయలు తెచ్చి తమ భాష గోరుబోలిలో బేరం చేస్తుంటారు, పక్కన ఉర్దూ, మార్వాడీ కొట్లో హిందీ, మక్తల్ వైపు నుంచి వచ్చిన ముసలాయన కన్నడం కలిసిన తెలుగు. కూరగాయల బండి మీద వంకాయ పక్కనే ఉత్తరాది వాళ్లు తినే పర్వల్ కాయలు పెడుతున్నారు, కొనేవాళ్లున్నారు కాబట్టి. మా పాప వెనక బెంచీ ఒడియా అమ్మాయితో తెలుగు, హిందీ కలిపి ఏదో భాష మాట్లాడుతుంది. ఇద్దరికీ అర్థమవుతోంది, నాకు సగమే అర్థమవుతుంది.

భయం అంటారా? రాత్రి పది గంటలకు షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, టీ కొట్టు, మెడికల్ షాపు, బస్సు దిగే జనం ఉన్న గల్లీలో నాకు భయం లేదు. కాంపౌండ్ వాల్, ఆర్చీ, నాలుగు కొబ్బరి మొక్కలు తప్ప మనిషి జాడ లేని వెంచర్‌లో భయం.

ఆ వెంచర్ల గురించి ఇంకో సంగతి. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. 2020 ఆగస్టులో అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లకు రిజిస్ట్రేషన్లు ఆపేశారు. దాంతో కొందరు కొత్త దారి పట్టారు: గజాలు బంద్, గుంటలు మొదలు. గుంట అంటే 121 గజాలు. వ్యవసాయ భూమిగానే, తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేసి, పాస్‌బుక్ చేతిలో పెట్టి, "ఫామ్ ప్లాట్" అని అమ్ముతారు. అక్కడ మామిడి మొక్కలు ఉంటాయి, పేపర్ మీద రోడ్లు ఉంటాయి. రేపు ఇల్లు కట్టాలంటే వ్యవసాయేతర భూమిగా మార్చాలి, లేఅవుట్ అనుమతి ఉండాలి. మీ ఒక్క గుంటకు ఆ అనుమతి ఎవరిస్తారు? మీరు కొన్న రోడ్డు రేపు పాత పట్టాదారు పొలంలో కలిసిపోతే ఎవరిని అడుగుతారు? రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చెప్పమంటే "ఇది ఫామ్ ల్యాండ్ కదా సార్, రెరా అవసరం లేదు" అంటారు. లేఅవుట్ 500 చదరపు మీటర్లు దాటితే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే దీన్ని ప్లాట్ అని బిల్లులో రాయరు, నోటితో మాత్రమే అంటారు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతం కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదని కూడా రెరా చట్టంలో ఉంది. "ఈరోజే సగం కడితే ఆఫర్" అన్నవాడికి ఆ మాట చెప్పి చూడండి, మొహం చూడాలి.

పాత ఇళ్లు మాత్రం పూలపాన్పు అని నేననడం లేదు. గల్లీల్లో చూసిన ఇళ్లలో సగానికి కాగితాలే తలనొప్పి. గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన పాత స్థలం, దాని మీది ఇళ్లకు ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప లింక్ డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు) ఉండవు. నోటరీ కాగితం చూపించి "నలభై ఏళ్ల నుంచి మేమే ఉంటున్నం" అంటారు. ఉంటున్నారు, నిజమే, కానీ నోటరీ కాగితంతో హక్కు మారదు. బ్యాంకు వాళ్లు ఆ ఫైలు ముట్టుకోరు. ఇంకోటి, అక్కచెల్లెళ్ల సంతకాలు. తాత ఆస్తి అన్నదమ్ములిద్దరూ పంచుకుని అమ్మేస్తామంటారు. ఆడపిల్లలకు కట్నం ఇచ్చాం కదా అంటారు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించిన తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. ఆ చెల్లెలు ఏడేళ్ల తర్వాత కోర్టు నోటీసుతో వస్తే తప్పు ఆమెది కాదు. నేనైతే ఇల్లు చూడకముందే "మీకు అక్కచెల్లెళ్లెందరు?" అని అడుగుతున్నాను. కొందరు ఆ ప్రశ్నకే లేచిపోయారు.

నగదు గొడవ సరేసరి. "సగం వైట్, సగం బ్లాక్" అని సిగ్గు లేకుండా అడుగుతారు. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే జరిమానా పడే సెక్షన్ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఉంది. దాని సంగతి అలా ఉంచండి, మాలాంటి ఉద్యోగస్తులకు బ్లాక్ ఎక్కడిది? 25 లక్షల ఇల్లు అనుకుందాం. బ్యాంకు గరిష్ఠంగా 90 శాతం, అంటే 22.5 లక్షలు ఇవ్వొచ్చు. తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్లకు నెలకు ఇరవై వేల పైన కిస్తీ. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే దాదాపు 1.88 లక్షలు, అది లోనులో కలవదు, చేతిలోంచి పెట్టుకోవాలి. ఇవన్నీ చిట్టీ ఎత్తి సర్దుకుంటున్న ఇంట్లో బ్లాక్ అడిగేవాడికి ఏం చెప్పాలి?

బోరు నీళ్లు, రాత్రిపూట గాలి వాసన కూడా చూసుకోవాలి. కంపెనీలు దగ్గరగా ఉంటే జీతమూ దగ్గరే, కంపూ దగ్గరే. అందుకే ఒక ఇల్లు పగలు నచ్చితే రాత్రి మళ్లీ పోయి ఆ గల్లీలో టీ తాగి వస్తున్నాం.

ఇంతకీ ఇంకా దొరకలేదు. బాదేపల్లిలో, బస్టాండ్‌కి నడిచే దూరంలో, వంద నుంచి నూట యాభై గజాల లోపు, రిజిస్టర్డ్ లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) సరిగా ఉండి, అక్కచెల్లెళ్లు కూడా సంతకం పెట్టే ఇల్లు ఎవరికైనా తెలిస్తే మెసేజ్ చేయండి. పైన గదుల్లో కిరాయికి ఒడిశా పిల్లలు ఉంటే ఖాళీ చేయించాల్సిన పని లేదు. ఫామ్ ప్లాట్ల వాళ్లు మాత్రం ఫోన్ చేయకండి.