ఉండవల్లికి పది నిమిషాలు చాలవండీ

బెజవాడను ఒక్క రోజులో చుట్టేయడం గురించి బాగా రాశారు. బాబాయి హోటల్ వెన్న ఇడ్లీతో మొదలుపెట్టడం న్యాయంగానే ఉంది. కానీ ఉండవల్లి గుహలను దారిలో పది నిమిషాలు ఆగి చూస్తే చాలనడం నాకు నచ్చలేదు. ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేస్తాయి కాబట్టి ప్రయాణం చిన్నదే, చూసేదే ఎక్కువ. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. పైకెక్కితే శేషశయనుడైన అనంత పద్మనాభస్వామి, అంత పెద్ద విగ్రహమూ ఒకే రాయి. కింది అంతస్తు పని సగంలో ఆగిపోయింది. ఉలి ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. ఎండాకాలంలో మాత్రం పొద్దున్నే వెళ్లండి, తర్వాత రాతి మెట్ల మీద కాలు పెట్టలేం.

బందరు రోడ్డులోని బాపు మ్యూజియం మీ జాబితాలో లేనే లేదు! 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది మన ఊళ్లోనే కదా, ఆ కథకు ఈ భవనంతో సంబంధం ఉంది.

ఇక తిండి. ఒక్క బిర్యానీకే రెండు పేరాలా? మధ్యాహ్నం భోజనంలో ఉలవచారు అడగండి. ఉలవలు ఉడికించిన నీళ్లను చిక్కబడేదాకా మరిగించి చేస్తారు. వేడన్నంలో కలిపి పైన మీగడ వేసుకోవాలి, నెయ్యి కాదు (మా ఇంట్లో దీని మీద గొడవే). సాయంత్రం బండి దగ్గర పునుగులు, అల్లం చట్నీ. వాయి దిగేదాకా నిలబడండి, చల్లారినవి కొనకండి.