బామ్మర్ది చెవులు అలసిపోయాయి

దేశంలో కష్టాలన్నీ తీరిపోయినట్టున్నాయి. మిగిలింది ఒక్కటే: నల్లగొండలో మా బామ్మర్ది చెవులు అలసిపోతున్నాయి. "లిజనింగ్ ఫెటీగ్ బావా" అంటాడు, డాక్టరు రిపోర్టు చదివినట్టు. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదింటి దాకా హెడ్‌సెట్ తగిలించుకుని అమెరికా వాళ్లతో మాట్లాడేవాడికి చెవులు కాక ఇంకేం అలసిపోతాయి అని మీరనవచ్చు. ఆ మాట అతని ముందు అనకండి. తప్పు ఉద్యోగానిది కాదట, పాత స్పీకర్లదట.

అందుకని దేవరకొండ రోడ్డులో, ఇంటి పై పోర్షన్‌లో, 10 బై 12 గదిలోకి (దాన్ని హోమ్ ఆఫీసు అనాలి, మా అత్తమ్మ మాత్రం బియ్యం బస్తాల గది అంటుంది) లక్షా ఎనభై వేల స్పీకర్లు దిగాయి. ఈఎంఐ మీద. యాంప్లిఫయర్ ఖర్చు వేరు, వైర్ల ఖర్చు వేరు. వైర్ల ధర చెప్పను. ఆ డబ్బుతో మిర్యాలగూడ మిల్లులో వాళ్లింటికి ఏడాదికి సరిపడా సన్నబియ్యం వచ్చేవి.

కొనే ముందు నెలల తరబడి వీడియోలు చూశాడు. వాటిలో మనుషులు కళ్లు మూసుకుని "వార్మ్‌గా ఉంది", "స్మూత్‌గా ఉంది" అంటుంటారు. ఈత చెట్టు కింద మొదటి కల్లు ముంత ఎత్తినవాడు కూడా అంత తన్మయంగా మాట్లాడడు. తీరా పెట్టి వింటే అనుకున్నంత బాగా లేవు. మూడు వందల గంటలు మోగితే బాగుపడతాయన్నాడట అమ్మినవాడు. వాపసు గడువు అంతకుముందే ముగిసిపోతుందని మాత్రం అనలేదు.

చిన్న గదికి ఏం కావాలో తెలుసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. 1970లలో బీబీసీ ఇంజనీర్లు ప్రసార వ్యాన్ల ఇరుకులో కూర్చుని వినడానికి ఎల్‌ఎస్ 3/5ఎ అని అడుగెత్తు స్పీకరు తయారు చేసుకున్నారు. దానికున్నది ఐదంగుళాల వూఫరే (గుమ్మనే లావు శబ్దం, అంటే బేస్, పలికే భాగం). అలాంటివి రెండు, గోడకు కాస్త ఎడంగా, ట్వీటరు (సన్నటి శబ్దాలు పలికే బుల్లి భాగం) చెవి ఎత్తులో, రెండు స్పీకర్లూ వినే మనిషీ సమబాహు త్రిభుజంలా ఉంటే పనైపోతుంది. మావాడు కొన్నవి నిలువెత్తు టవర్లు. వాటిని టేబుల్‌కు అటొకటి ఇటొకటి మూలల్లోకి తోశాడు. మూలకు తోస్తే బేస్ ఉబ్బుతుంది, పాటంతా గుమ్ముగుమ్ముమంటుంది. పైగా కింద పాలిష్ బండలు, పైన స్లాబు, చుట్టూ బోసి గోడలు, శబ్దమంతా తగిలి తిరిగొస్తుంది. గోడలకు రెండు బొంతలు వేలాడేయమంది అత్తమ్మ. ఆ గదిలో పనికొచ్చే మాట అన్నది ఆమె ఒక్కతే, అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

యాంప్లిఫయరేమో 200 వాట్లది. స్పీకర్లతో వచ్చిన కాగితంలోనే ఉంది: ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ మోత. మీటరు దూరంలో కూర్చుని హాయిగా వినడానికి 70 చాలు. అంటే సగటున వాటులో పదో వంతు కూడా అక్కర్లేదు. పడకగదిలో జీరో బల్బు అంతకంటే ఎక్కువ తింటుంది.

దసరా సంగతి చెప్పకపోతే పాపం. ఆయుధ పూజ రోజు బండికి, మిక్సీకి, కుట్టుమిషనుకు బొట్లు పెడుతూ అత్తమ్మ మేడెక్కింది. లక్షా ఎనభై వేల సామానుకు బొట్టు లేకుంటే ఎట్లా? ముందరి జాలీలు తీసే ఉన్నాయి, జాలీ ఉంటే సౌండులో "ఎయిర్" పోతుందట. ఎదురుగా, బొట్టు కోసమే చేసినట్టు, గుండ్రటి నల్లటి బుడిపె కనిపించింది. పసుపు రాసి, కుంకుమ అద్ది, భక్తి కొద్దీ గట్టిగానే నొక్కింది. అది సిల్కు డోము ట్వీటరు. సొట్ట పోయింది. ఒకదానికి పెట్టి రెండోదానికి పెట్టకపోతే అరిష్టమని దానికీ పెట్టింది.

అమెరికాకు దసరా లేదు గనుక మావాడు కాల్‌లో ఉన్నాడు. మ్యూట్ నొక్కకుండానే "అమ్మా!" అని అరిచాడు. మీటింగంతా నిశ్శబ్దమైపోయిందట. సెలోటేపు అంటించి లాగాడు. పసుపు వచ్చింది, డోము రాలేదు. తర్వాత వ్యాక్యూమ్ క్లీనరు. గొట్టానికి పల్చటి చున్నీ కట్టి నేను పట్టుకున్నాను, అతను స్విచ్చు దగ్గర నిలబడి "దగ్గరికి బావా... అంత దగ్గరికి వద్దు... అయ్యో, వెనక్కి, వెనక్కి!" టప్పుమని ఒకటి బయటికొచ్చింది. రెండోది సగమే వచ్చింది. గడపలో నిలబడ్డ అత్తమ్మ, చేతిలో కొబ్బరికాయతో, "దీనికి ముంగట కొట్టాల్నా, మీద కొట్టాల్నా బిడ్డా?" అని అడిగింది.

ఇంత చేసి అతను వినేదెప్పుడు? కాల్స్ అయ్యాక, రాత్రి పదింటికి. లైటు తగ్గించి కుర్చీ వెనక్కి వాల్చగానే వీధి చివర బరాత్ మొదలవుతుంది. డీసీఎం వ్యాను మీద మనిషెత్తు బేస్ డబ్బాలు. కిటికీ అద్దాలు గడగడలాడతాయి. లక్షా ఎనభై వేలూ నోరు మూసుకుంటాయి.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వీధిలో లౌడ్‌స్పీకరు మోగకూడదు. పండుగలకు ప్రభుత్వం ఇవ్వగల సడలింపు కూడా అర్ధరాత్రి వరకే, అదీ ఏడాదికి 15 రోజులకు మించి కాదు. ఎవడికి పట్టింది? కింది పోర్షన్‌లో స్టెంటు వేయించుకున్న పెద్దాయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని రాత్రంతా మంచం మీద కూర్చుంటాడు. పోయి తగ్గించమంటే "మా అన్న పెండ్లి ఒక్కసారే అయితది కాకా" అన్నాడొక పోరడు. ఆయన గుండె ఎన్నిసార్లు ఆగుతదిరా? మొన్నటి బరాత్‌లో రెండేళ్ల పిల్ల చెవులు మూసుకుని ఏడుస్తుంటే, దాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని ఆ డబ్బాల ముందే ఎగురుతున్నాడు కన్నతండ్రి. సిగ్గు లేదు. ఫిర్యాదు చేద్దామంటే, ఎవరికి చెప్పుకోవాలో ఆ పెద్దమనుషులే ముందు వరసలో టవలు తిప్పుతున్నారు.

దీనికి మా బామ్మర్ది ఒక ఉపాయం కనిపెట్టాడు. బేస్ కోసమే ఉండే 12 అంగుళాల సబ్‌వూఫరు కొంటాడట. "వాళ్ల బేస్ మన బేస్‌లో కలిసిపోతది బావా, తెల్వనే తెల్వదు." ఈసారి లోనుకు ష్యూరిటీ అడుగుతున్నారట, ఆదివారం ఆధార్ కార్డు పట్టుకుని రమ్మన్నాడు.